కరెంటు పెడితే తూలుడు తగ్గదు

"మేడం, మా అవ్వ నడుస్తుంటే తూలుతుంది. ఒక పది రోజులు కరెంటు పెట్టిపోతరా?"

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో ఇళ్లకు తిరిగి ఫిజియోథెరపీ చేసే నాలాంటివాళ్లకు ఈ ఫోన్ కొత్త కాదు. మోకాళ్లకు, నడుముకు, భుజానికి నొప్పికని పెట్టించుకున్న కరెంటు మిషన్నే తూలుడుకూ పెట్టమంటారు. పెడితే అందరికీ బాగానే ఉంటుంది. పిక్కల దగ్గర చిమచిమలాడి అవ్వకు ఏదో వైద్యం జరిగినట్టుంటుంది, కొడుక్కి డబ్బులు పెట్టిన తృప్తి ఉంటుంది, నాకు ఫీజు వస్తుంది. తూలుడు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఆ మిషన్లను తిట్టడం లేదు. నొప్పి దగ్గర వాటి పని వాటికుంది. కానీ పడిపోకుండా నిలబడటం ఒంటికి వాడుకలో ఉంటేనే నిలిచే పని. చేయిస్తే ఉంటుంది, మాన్పిస్తే పోతుంది. అరవై దాటినవాళ్ల చేత మన ఇళ్లలో దాన్ని మాన్పించడమే ఎక్కువగా జరుగుతోంది, అదీ ప్రేమతో. "నువ్వు లేవకు అవ్వా, నేను తెస్త." "మెట్లెక్కకు బాపూ, పడ్తవ్." మంచినీళ్ల గ్లాసు దగ్గర్నుంచి రిమోట్ దాకా అన్నీ చేతికే అందిస్తారు. ఇట్లా ఏడాది గడిచాక ఆ మనిషి నిజంగానే లేవలేడు. అప్పుడు "చెప్పలేదా, వయసు మీద పడ్డది" అంటారు.

మన దిక్కు ఏ ఇంటికి పరామర్శకు పోయినా ఒక మాట చెవిన పడుతుంది: "మంచిగనే ఉండె. బాత్రూంల జారిపడ్డది, తుంటి బొక్క విరిగింది, అప్పటిసంది మంచం పట్టింది." చెప్పేవాళ్లు దాన్ని రాత కింద చెబుతారు, వినేవాళ్లు అయ్యో అంటారు, అక్కడితో ముచ్చట ఒడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కిందపడి ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదాల్లో పోయే ప్రాణాల లెక్కలో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. ఆ మరణాల్లో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే. హెల్మెట్ లేకపోతే బండి ఆపి చలాను రాయడానికి చౌరస్తాకో పోలీసు ఉన్నాడు. తడిసిన బాత్రూం ముందర ఎవరూ ఉండరు.

పైగా ఆ పడటం హఠాత్తుగా జరిగేది కాదు. దానికి ముందు నెలల తరబడి ఇంట్లో ఆనవాళ్లు కనబడుతూనే ఉంటాయి. ఒక ఇంట్లోకి పోగానే నేను మొదట చూసేది గోడ, తర్వాతే రిపోర్టుల ఫైలు. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా, నడుము కంటే కొంచెం పైన, గోడ రంగు మీద మాసిపోయిన చార ఒకటి ఉంటుంది. రోజూ అరచేయి ఆనించి నడిచిన గుర్తు అది. తలుపు అంచు ఒకచోట నున్నగా మెరుస్తుంటుంది. టీవీ స్టాండు మీద అంతటా దుమ్మున్నా ఒక మూల మాత్రం ఉండదు. అడిగితే "అవ్వ మంచిగనే నడుస్తది మేడం, ఎవ్వరి సాయం వద్దు" అంటారు. నిజమే, గోడ సాయం చాలు.

ఆ తర్వాత కుర్చీ వేయిస్తాను. కుర్చీ నుంచి మూడు మీటర్ల దూరంలో నేల మీద ఒక చెప్పు పెట్టి, లేచి అక్కడిదాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమంటాను. ఫోన్‌లో టైమర్ నడుస్తుంటుంది. 12 సెకన్లు, అంతకు మించి పట్టిందంటే పడే ముప్పు ఉన్నట్టు లెక్క. 1991 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పరీక్ష ఇది, రూపాయి ఖర్చు లేదు. అయితే నాకు సెకన్ల కంటే మలుపు దగ్గరే ఎక్కువ తెలుస్తుంది. బాగున్న మనిషి రెండు మూడు అడుగుల్లో తిరుగుతాడు. తూలే మనిషి చెప్పు దగ్గర ఆగి, పాదాలు ఎత్తకుండా చిన్నచిన్నగా జరుపుకుంటూ తిరుగుతాడు, ఆ సమయంలో చేతులు గాలిలో దేనికోసమో వెతుకుతుంటాయి. తర్వాత ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు బొటనవేలు ఆనేటట్టు పెట్టి పది సెకన్లు నిలబడమంటాను. పది సెకన్లు ఎంతసేపని మీకు అనిపించవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన ఆనుకుని నిలబడి ఒకసారి చేయించి చూడండి.

మనం ఎటు ఒరుగుతున్నామో మెదడుకు చెప్పేవి మూడు: కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచీ కీళ్ల నుంచీ వచ్చే స్పర్శ. ఒకటి తగ్గితే మిగతా రెండూ సర్దుకుంటాయి. అందుకే చాలాకాలం బయటపడదు. షుగర్ ఉన్నవాళ్లలో మొదట పోయేది పాదాల స్పర్శ. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం ఒకటి మా సంచిలో ఉంటుంది. కళ్లు మూసుకొమ్మని బొటనవేలి కింద ఆనిస్తాను. "పెట్టినప్పుడు చెప్పు తాతా" అంటే తాత ఎదురుచూస్తూనే ఉంటాడు, దారం అప్పటికే వంగి లేచి ఉంటుంది. "ఎప్పుడు పెడ్తవ్ బిడ్డా?" అంటాడు. ఇట్లాంటివాళ్లు దూది మీద నడుస్తున్నట్టుందని చెబుతారు. పగలు బాగానే తిరుగుతారు, ఎందుకంటే కళ్లతో నడుస్తున్నారు. రాత్రి మూత్రానికి లేస్తే, కరెంటు పోతే, తల మీద నీళ్లు పోసుకుంటూ కళ్లు మూస్తే పడతారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గి కూడా నరాల స్పర్శ మందగిస్తుంది. అది రక్తపరీక్షలో తేలిపోతుంది, మందుతో బాగుపడే అవకాశం ఉన్నది. కాబట్టి కసరత్తు మొదలుపెట్టే ముందే ఆ పరీక్ష చేయించమంటాను.

చెవి సంగతి దగ్గర నాకు కోపం ఎక్కువ. కండ్లు తిరుగుతున్నయ్ అనగానే మన ఊళ్లలో మెడకు ఎక్స్‌రే తీస్తారు. అరవై దాటిన దాదాపు ఏ మెడకు ఎక్స్‌రే తీసినా అరుగుదల కనబడుతుంది. ఇక రోగం దొరికినట్టే! మెడకు పట్టీ, పూటకో తల తిరుగుడు మాత్ర, మెడకు మళ్లీ కరెంటు. గోదావరిఖని నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మను ఇట్లాగే పట్టీతో చూశాను. పడుకోవడానికి భయపడి, దిండ్లు పేర్చుకుని కూర్చుని నిద్రపోతోంది.

"పెద్దమ్మా, లేచి నడిస్తే తిరుగుతదా, పక్క మర్లితే తిరుగుతదా?"

"పక్క మర్లితే ఇల్లంత గిర్రున తిరుగుతది బిడ్డా. కుడి దిక్కు మర్లుడే బంద్ చేసిన."

సగం రోగనిర్ణయం ఆ జవాబులోనే ఉంది. లోపలి చెవిలో ఒకచోట అతికి ఉండే సన్నని సున్నపు పలుకులు ఊడి, పక్కనే ఉండే అర్ధవృత్తపు గొట్టాల్లోకి జారుతాయి. తల ఒక దిక్కుకు తిప్పినప్పుడు అవి కదిలి, ఒళ్లు తిరుగుతోందని మెదడుకు అబద్ధం చెబుతాయి. పట్టీ తీసి, తలను కుడికి తిప్పి, మంచం అంచు నుంచి తల కొంచెం కిందికి వాలేటట్టు పడుకోబెట్టాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత కంటిపాపలు కొట్టుకోవడం మొదలైంది. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని "పడిపోతున్ననే" అని అరిచింది. కూతురు పరుగెత్తుకొచ్చింది. అర నిమిషంలో తగ్గిపోయింది. తల అట్లాగే ఎడమకు తిప్పి ఆగాను, ఒంటిని ఎడమ పక్కకు దొర్లించి ముఖం నేల దిక్కు పెట్టి ఆగాను, మెల్లగా లేపి కూర్చోబెట్టాను. అమెరికా డాక్టర్ జాన్ ఎప్లీ 1980 ప్రాంతంలో చెప్పిన పద్ధతి ఇది. పలుకులు వచ్చిన దారిలోనే వెనక్కి పోతాయి. మళ్లీ చేసి చూస్తే పాపలు కదల్లేదు. ఆమెకు కావలసింది ఆ పది నిమిషాలు. అంతకుముందు నెలల తరబడి మింగినవి మాత్రలు.

ఆ మాత్రల గురించి ఒక మాట. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి రెండు మూడు రోజులకు ఇచ్చే మందులు. చీటీ పాతదైనా మెడికల్ షాపులో తెచ్చుకుంటూ నెలలు నెలలు వాడితే పెద్దవాళ్లలో పార్కిన్సన్స్ జబ్బులో లాగా ఒళ్లు బిగుసుకుపోవడం, అడుగు కురచ కావడం వస్తాయి. అంటే తూలుడుకు వేసిన మందే తూలుడు తెస్తుంది.

తల తిరుగుడంతా చెవిదే అని చెప్పడం లేదు. మంచం మీంచి లేవగానే కళ్లు చీకట్లు కమ్మితే అది బీపీ పడిపోవడం కావచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే డాక్టర్ దగ్గర మందుల జాబితా విప్పాల్సిందే. బీపీ మాత్ర, మూత్రం మాత్ర, ప్రోస్టేట్ మాత్ర, నిద్ర మాత్ర నాలుగూ కలిసి రాత్రి రెండు గంటలకు తాతను పడేస్తాయి. కూర్చుని చూసిన బీపీ మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఇంకొకటి ఎవరూ నోరు తెరిచి అడగరు: కల్లు. చెట్టు కల్లు సంగతి వేరే. అల్ప్రాజోలం, డయాజిపాం లాంటి మత్తు మందులు కలిపిన కల్లు మీద తెలంగాణలో ఎక్సైజ్ కేసులు ఏళ్లుగా నడుస్తూనే ఉన్నాయి. దానికి అలవాటుపడ్డ తాత తూలితే నా కసరత్తు ఏం చేస్తుంది? ఒక్కసారిగా మాన్పించినా చేతులు వణికి ఫిట్స్ వస్తాయి కాబట్టి అది డాక్టర్ చూసుకోవాల్సిన పని. ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగిపోవడం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనబడటం జరిగితే మాత్రం నాకు ఫోన్ చేసి టైం పోగొట్టుకోకండి. అది పక్షవాతం కావచ్చు, గంటల మీద నడిచే లెక్క. పెద్దాసుపత్రికి పోవాలి.

ఇవన్నీ పోగా మిగిలేది కాళ్లు. ఎక్కువమంది విషయంలో అసలు కథ ఇక్కడే.

సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు బీడీలు చుట్టి బతికిన ఆడవాళ్లను చూడండి. ఒకే మఠం మీద గంటల తరబడి, పదుల ఏళ్లు కూర్చున్నారు. ఇప్పుడు మోకాళ్లు బిగుసుకున్నాయి. డాక్టర్ కింద కూర్చోవద్దన్నాడు, నొప్పికి అది సరైన సలహానే. దాన్ని ఇంట్లోవాళ్లు ఎట్లా అమలు చేస్తారంటే, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పొద్దటి నుంచి పొద్దుగూకే దాకా అందులోనే కూర్చోబెడతారు. కింద కూర్చుని లేవడంలో తొడలకు, పిరుదులకు, చీలమండలకు తెలియకుండా జరిగే కసరత్తు పోయింది. దాని జాగాలో ఇంకేదీ రాలేదు. కుర్చీ చేతుల మీద బలమేసి లేవడం అలవాటైంది, అంటే లేచే పని కూడా భుజాలదే అయింది. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని లేవమంటే సగం మంది నవ్వి ఊరుకుంటారు.

మరి ఏం చేయించాలి? వంటింటి గట్టు చాలు. గ్యాస్ ఆపి, గట్టు ముందర నిలబెట్టి, వెనక కుర్చీ వేస్తాను. నడుముకు కండువా బిగించి ముడి నా చేతిలో పట్టుకుంటాను. రెక్క పట్టుకుంటే భుజం గుంజుకుపోతుంది, నడుము పట్టుకుంటే మనిషి ఆగుతుంది. మొదట రెండు అరచేతులూ గట్టు మీద పెట్టి మడమలు ఎత్తి దించడం. తర్వాత బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం. తర్వాత గట్టు వెంబడి పక్కకు నడవడం, వెనక్కి నడవడం. కుర్చీలో నుంచి లేవడం, కూర్చోవడం, అదీ దబ్బున పడకుండా మెల్లగా. ఇవి ఎవరైనా చెప్పగలరు, వీడియోల్లో కూడా ఉన్నాయి. ఫిజియో అవసరం పడేది వీటిని ఎప్పుడు కష్టం చేయాలో చెప్పడానికి. రెండు అరచేతులతో సులువైన రోజు ఒక చెయ్యి తీసేయిస్తాను. అది సులువైతే రెండు వేళ్లు. తర్వాత చేతులు గట్టుకు రెండంగుళాల పైన గాలిలో ఉంటాయి. తర్వాత తల అటూ ఇటూ తిప్పుతూ, ఆ తర్వాత పరుపు ముక్క మీద నిలబడి, ఆ తర్వాత మనవళ్ల పేర్లు వరసగా చెప్పుతూ.

ఇంట్లోవాళ్లకు మింగుడుపడనిది ఇదే: ఒంట్లో కొంత ఊగులాట రావాలి. ఊగకుండా చేసే కసరత్తు తూలుడుకు పనికిరాదు. కాళ్లు ఊగి, మళ్లీ నిలదొక్కుకునే ఆ క్షణంలోనే నేర్చుకోవడం జరుగుతుంది. "మేడం, మా అవ్వ పడ్తది, వద్దు" అని కోడలు ముందుకొస్తుంది. పడదు, కండువా ముడి నా చేతిలో ఉంది. ఊగనిద్దాం.

దీని వెనక ఉన్నది నా నమ్మకం ఒక్కటే కాదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో ఇంటి దగ్గరే చేసుకునే ఇట్లాంటి కసరత్తుల పద్ధతి తయారు చేశారు. వారానికి మూడుసార్లు కాళ్ల బలానికి, నిలకడకు, ఇంకో రెండు రోజులు నడక. ఆ పద్ధతి పాటించినవాళ్లలో పడటం 35 శాతం దాకా తగ్గింది. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2019లో 108 పరిశోధనలను, 23,407 మంది పెద్దవాళ్ల లెక్కలను కలిపి చూస్తే, వ్యాయామం వల్ల పడటం 23 శాతం తగ్గినట్టు తేలింది. నిలకడకు సవాలు విసిరే కసరత్తు వారానికి మూడు గంటలకు పైగా చేసినచోట ఫలితం ఇంకా ఎక్కువ. ఈ అంకెల్లో ఎక్కడా కరెంటు మిషన్ లేదు.

నడక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "మా బాపు రోజూ పబ్లిక్ గార్డెన్‌ల నాలుగు రౌండ్లు కొడ్తడు, ఇంకేం కసరత్తు మేడం" అంటారు. షుగర్‌కు, గుండెకు, మనసుకు నడక మంచిదే. భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నాలుగు మాటలు మాట్లాడుకుంటూ నడిచేవాళ్లను చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ సాపు బాట మీద ముందుకు నడవడం ఒక్కటే పడటాన్ని ఆపుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఇంట్లో పడేది ముందుకు నడిచేటప్పుడు కాదు గదా! మలుపు తిరిగేటప్పుడు, పక్కకు జరిగేటప్పుడు, వంగి చెంబు తీసేటప్పుడు, గడప దాటేటప్పుడు, ఫోన్ మోగితే తొందరపడి లేచేటప్పుడు. వాటినే సాధన చేయించాలి. ఇప్పటికే బాగా తూలే మనిషిని "వాకింగ్ చేయ్, తగ్గుతది" అని రోడ్డు మీదికి పంపితే ముప్పు పెరుగుతుంది కూడా.

మన ఇళ్లు కూడా మారాయి. వెనకటి శాబాదు బండల మీద నీళ్లు పడ్డా కాలు పట్టు దొరికేది. ఇప్పుడు కరీంనగర్ గ్రానైట్ మన పక్కనే తవ్వుతున్నారు, అద్దంలా పాలిష్ చేసి పంపుతున్నారు. చేతిలో డబ్బులున్న ప్రతి ఇంటికీ మెట్ల నుంచి బాత్రూం గుమ్మం దాకా అదే. బాత్రూంలో రెండు పట్టుకునే కడ్డీలు బిగించమంటే "చూడనీకి ఆస్పత్రి తీరుగ ఉంటది మేడం" అని ఒక పెద్దింటాయన అన్నాడు. ఆ ఇంట్లో గృహప్రవేశానికి పెట్టిన షాండిలియర్ ఇప్పటికీ నా కళ్ల ముందుంది. కడ్డీలు, గరుకు టైల్స్, మంచం పక్కన చేతికందే బెడ్‌లైట్ వేయించండి. అరిగిన హవాయి చెప్పులు పారేయండి. చీర కుచ్చిళ్లు పాదం మీద పడకుండా చూడండి. కంటిలో పొర వచ్చినవాళ్లకు ఆపరేషన్ వచ్చే ఎండాకాలానికి, దసరా తర్వాతికి అని వాయిదా వేయకండి. వీటి గురించి ఇంతకంటే ఎక్కువ రాయను, అందరికీ తెలిసినవే.

రాయాల్సింది బతుకమ్మ గురించి. వేయిస్తంభాల గుడి దగ్గర, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు పోయి ఆటను ఫిజియో కళ్లతో చూడండి. గుండ్రంగా పక్కకు అడుగు. ఒక కాలి మీద బరువు, ఇంకో కాలు దగ్గరికి. నడుము వంచి చప్పట్లు, లేచి చప్పట్లు. చేతికి ఏ ఆసరా లేదు, నోట్లో పాట నడుస్తోంది, ముందరామె అడుగుకు తన అడుగు కలపాలి. నేను గట్టు దగ్గర నెలల తరబడి చేయించేదంతా అందులో ఉంది. నిదానంగా అడుగులు కదిపే చైనావాళ్ల కసరత్తు తైచీ మీద బోలెడు పరిశోధనలు జరిగాయి, పెద్దవాళ్లు పడటం సుమారు 20 శాతం దాకా తగ్గుతుందని కాక్రేన్ వాళ్లే రాశారు. ఆ అంకెను తెచ్చి బతుకమ్మకు అంటగట్టను. కానీ ఆ అడుగులు ఏం పని చేయిస్తాయో కాళ్లకు తెలుసు. ఇప్పుడు జరిగేదేమిటంటే, డీజే పెడతారు, వేగం పెరుగుతుంది, పాటలన్నీ నోటికి వచ్చిన అవ్వలు ఓరకు కుర్చీలో కూర్చుని చూస్తారు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు కసరత్తు అంటే సిగ్గు. "గీ వయసుల ఎక్సర్‌సైజులేంది?" అంటారు. "ఒక పాట ఎత్తుకో అవ్వా, నాకు అడుగు రాదు, నేర్పు" అంటే లేస్తారు. గట్టు పక్కనే, చేతికందే దూరంలో, నిదానంగా. తొమ్మిది రోజులకు కాదు, ఏడాదంతా.

ఇంక పడితే ఎవరు బాధ్యులని అడిగేవాళ్లకు నా జవాబు: పడితే లేవడం కూడా నేర్పిస్తాను. చాలామంది పడ్డ దెబ్బ కంటే, లేవలేక గంటల తరబడి నేల మీద ఉండిపోయి దెబ్బతింటారు. పిల్లలు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఊళ్లో ఒంటరిగా ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పరుపు వేసి సాధన చేయిస్తాను. వెల్లకిలా ఉంటే ముందు పక్కకు దొర్లాలి. మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. పాకుతూ మంచం దగ్గరికి పోయి, మంచం మీద రెండు చేతులూ పెట్టి, బలమున్న కాలి పాదం ముందుకు ఆనించి లేవాలి. బొక్క విరిగినట్టు నొప్పి ఉంటే మాత్రం కదలకుండా కేక వేయాలి. నాట్లు వేసి, కోతలు కోసి, కింద కూర్చుని తిన్న తరానికి ఇది ఒకసారి గుర్తు చేస్తే చాలు, ఒళ్లు దాన్ని అందుకుంటుంది. పడతానన్న భయం తగ్గితే మనిషి కదలడం మొదలుపెడుతుంది. భయంతో బిగదీసుకుని నడిచినవాళ్లే ఎక్కువ పడతారు.

ప్రభుత్వం వైపు చూస్తే ఎక్కువగా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి దాకా వస్తేనే ఫిజియో. ములుగు, భూపాలపల్లి ఏజెన్సీ ఊళ్ల నుంచి తూలే మనిషి రెండు బస్సులు మారి రావాలి, ఆ బస్సు మెట్టు దగ్గరే పడొచ్చు. 2021లో ఫిజియోథెరపీని కూడా చేర్చి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. 2025 సెప్టెంబర్ 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవానికి తీసుకున్న అంశమే పెద్దవాళ్లు బలహీనపడకుండా, పడకుండా చూడటం. బ్యానర్లు కట్టాం, ఫోటోలు దిగాం. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చే చోటే ఒక కుర్చీ వేసి, ముసలివాళ్లను లేచి మూడు మీటర్లు నడిచి రమ్మంటే ఎవరికి ముప్పు ఉందో అక్కడే తెలుస్తుంది. ఆశా వర్కర్‌కు ఒక పూటలో నేర్పొచ్చు. దీనికి భవనం అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. బహుశా అందుకే జరగడం లేదేమో.

"ఎన్ని సిట్టింగులైతే తగ్గుతది మేడం?" అని దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో అడుగుతారు. ఒటాగో పద్ధతిలో ఫిజియో మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు ఇంటికి పోతారు, ఆరు నెలలకు ఇంకోసారి, మధ్యలో నెలకో ఫోన్. కసరత్తు మాత్రం ఏడాది పాటు ఆ మనిషిదే, ఆపేస్తే వచ్చిన బలం కరిగిపోతుంది. కాబట్టి నా ఫీజు గురించి కాదు, రోజూ అరగంట పక్కన నిలబడే మనిషి గురించి ఆలోచించమంటాను. "అక్కడ ఎవరున్నరు మేడం?" అని ఒక కొడుకు అన్నాడు, ఆ మాటా నిజమే. చివరికి హసన్‌పర్తిలోని ఆ ఇంటికి పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఒప్పుకుంది. కండువా ఎట్లా కట్టాలో, ఎక్కడ నిలబడాలో నేర్పించాను. ఇప్పుడు ఆ అమ్మాయి నాయనమ్మ కూడా నేనూ చేస్తానంటోంది. ఇద్దరికీ ఒక్క గట్టు చాలదు, పైగా ఒక్క పిల్ల ఇద్దరిని పట్టుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు చేయమన్నాను, రెండో ఆమె అప్పటిదాకా కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. ఊచలు గట్టిగా ఉన్నాయో లేదో ముందు నేనే గుంజి చూశాను. ఒకటి వదులుగా ఉంది, మేస్త్రీని పిలిపించమని చెప్పి వచ్చాను.